ఆవ పుప్పొడి నుంచి మొక్క: పరాగకోశమా, విడి కణమా?

రాజేంద్రనగర్‌లో నూనెగింజల మీద పనిచేసే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. పరాగకోశాన్ని, అంటే పువ్వులో పుప్పొడి ఉండే సంచిని, మొత్తంగా మీడియంలో (పోషకాల మిశ్రమంలో) పెట్టడం తేలిక. 1964లో ఢిల్లీలో శిప్రా గుహ, మహేశ్వరి ఉమ్మెత్తతో చేసి చూపిందీ అదే. కానీ కోశం గోడ కణాల నుంచీ మొక్క లేవచ్చు, అప్పుడది ఏకస్థితికం (సగం క్రోమోజోములే ఉన్న మొక్క) కాదు.

లేత పుప్పొడి కణాల్ని విడదీసి పెంచే విడి కణాల పద్ధతిలో ఆ చిక్కు లేదు. ఆవజాతిలో సుమారు 3 మిల్లీమీటర్ల మొగ్గల్ని నలిపి, వడకట్టి, 13 శాతం చక్కెర ఉన్న ద్రవంలో వేసి, మొదటి కొద్ది రోజులు 32 డిగ్రీల దగ్గర ఉంచుతారు. రెండు మూడు వారాలకు పెట్రీడిష్‌లో లేత పసుపు పిండాలు తేలుతుంటే అలా చూస్తూ ఉండిపోవాలనిపిస్తుంది! తర్వాత కోల్చిసిన్ అనే రసాయనంతో క్రోమోజోములు రెట్టింపు చేస్తే ఒకే తరంలో శుద్ధ వంశక్రమం (తరతరాలకూ లక్షణాలు మారని వరస) చేతికొస్తుంది. ఆవకైతే నా ఓటు దీనికే. పొద్దుతిరుగుడు మాత్రం రెండు పద్ధతులకూ మొండికేస్తుంది.