నిచ్చెన ఆనని చోట ఆగిన క్రేను: ఏడేళ్ల వాడకం తర్వాత

క్రేను కొనేటప్పుడు మేము అడగని ప్రశ్న ఒకటే. బరువు వేలాడుతూ ఉండగా ఇది ఆగిపోతే మనిషి దాని దగ్గరికి ఎలా చేరుకోవాలి? ఏడేళ్లు వాడిన తర్వాత ఈ యంత్రం మీద నాకు మిగిలిన కోపమంతా అక్కడే ఉంది. మిగతా విషయాల్లో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. అందుకే ఈ ఒక్కటి మరీ బాధిస్తుంది.

మాది ప్రెస్ షాపు, అంటే లోహపు రేకును అచ్చుల మధ్య నొక్కి భాగాలు చేసే చోటు. 10 టన్నుల సింగిల్ గర్డరు ఈఓటీ క్రేను (ఒకే అడ్డదూలంతో, షెడ్డు పైన పట్టాల మీద కరెంటుతో నడిచేది), 18 మీటర్ల స్పాను (పట్టాల మధ్య దూరం), ఉక్కుతాడు హాయిస్టు (బరువును ఎత్తి దించే యంత్రం), వాడకం తీవ్రతను బట్టి ఇచ్చే తరగతుల్లో ఎం5. రోజంతా దాని పని అచ్చులు మార్చడమే. టన్నులు, ఎత్తు, వేగం అందరూ చూసుకునేవే. మేమూ చూసుకున్నాం. అప్పగించేటప్పుడు 125 శాతం బరువుతో, అంటే పన్నెండున్నర టన్నులు వేలాడదీసి పరీక్ష చేశారు. గర్డరు ఎంత వంగిందో కొలిచారు. అంతా కింద నిలబడే చూశాం, చప్పట్లు కూడా కొట్టాం.

మొదటి రెండేళ్లు నేను ఎవరు అడిగినా ఒకటే చెప్పేవాణ్ని: హాయిస్టుకు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవు) పెట్టించుకోండి, తక్కినదంతా మీ ఇష్టం. ఆ మాటకు కారణం ఉంది. అచ్చు పై సగాన్ని కింది సగం మీద దించేటప్పుడు నాలుగు గైడు పిన్నులు నాలుగు బుష్షుల్లోకి ఒకేసారి దిగాలి. పాత క్రేను బటను నొక్కితే ఒక్కసారిగా జారి ఆగేది. మా ఫిట్టర్లు బటను తట్టి తట్టి, మధ్యలో కొయ్యదుంగ పెట్టి, ఎలాగో దించేవారు. పిన్ను అంచులు దెబ్బతినని నెల ఉండేది కాదు. కొత్తది నిమిషానికి 4 మీటర్ల వేగం నుంచి 0.4 మీటర్లకు తగ్గుతుంది. పిన్ను బుష్షులోకి దిగుతుంటే నూనె అంచు చుట్టూ సన్నగా ఉబికి రావడం కంటితో చూడవచ్చు. ఇప్పటికీ నాకు ఆ దృశ్యం ఇష్టమే.

అయిదో ఏడు, రెండో షిఫ్టు. ఏడు టన్నుల అచ్చును పక్కనున్న వరుస మీదుగా దాటించి ప్రెస్సు ముందున్న బల్ల మీదికి తెచ్చారు. దించే బటను నొక్కితే అచ్చు జానెడు దిగి ఠప్పున ఆగింది. మళ్లీ నొక్కితే మళ్లీ జానెడు, మళ్లీ ఠప్. పైకి నొక్కితే మాత్రం హాయిగా లేస్తోంది. నాలుగోసారికి ఇక కిందికి కదలనే లేదు.

అమ్మినవాళ్లకు ఫోను చేశాం. అవతలి ఇంజనీరు అడిగిన మొదటి ప్రశ్న, "డ్రైవు డిస్‌ప్లే మీద ఏ కోడ్ ఉంది?" డిస్‌ప్లే ప్యానెల్లో ఉంది. ప్యానెల్ గర్డరు పక్కన, తొమ్మిది మీటర్ల ఎత్తున ఉంది. దాని తలుపు మూసి ఉంది. బ్రేకును చేత్తో వదిలించే లివరూ అక్కడే, హాయిస్టు మీదే ఉంది. కింద నిచ్చెన ఆనించడానికి ఏమీ లేదు, ఉన్నది ప్రెస్సు. ఎత్తే లిఫ్టు బండిని తీసుకురావడానికీ లేదు, ఎందుకంటే అక్కడ నేల కింద తుక్కు పోయే కాలువ ఉంది, దాని మీది పలకలు ఆ బండి చక్రాలను మోయవు. "పైకి వెళ్లి చూసి చెప్పండి" అన్నాడాయన. ఆయన తప్పు కాదు, కానీ ఆ పూట ఆ మాట నాకు ఎలా వినిపించిందో ఇక్కడ రాయను.

మా ఎలక్ట్రీషియన్ కాసేపు తల పైకెత్తి చూసి, "సార్, ఎత్తేటప్పుడు రాని జబ్బు దించేటప్పుడు వస్తోందంటే ఇది రెసిస్టరు పని" అన్నాడు. బరువు దిగేటప్పుడు మోటారు జనరేటరులా మారుతుంది. అది పుట్టించే విద్యుత్తును డ్రైవు ఒక బ్రేకింగ్ రెసిస్టరులోకి పంపి వేడిగా తగలేస్తుంది. ఆ దారి తెగితే లోపల వోల్టేజి పెరిగిపోయి, డ్రైవు తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, బ్రేకు పట్టేస్తుంది. అంటే బరువు భద్రంగానే ఉంది. మనమే కింద ఇరుక్కుపోయాం.

ముందు కింది మనుషులందరినీ దూరంగా పంపించాడు. రెండు అంగుళాలు పైకెత్తించి, బ్రేకు నిలుపుతోందా లేదా చూశాడు. తర్వాత మెల్ల వేగంలో మాత్రమే దించే బటను నొక్కాడు. ఆగలేదు. అంత నెమ్మదిగా దిగేటప్పుడు పుట్టే విద్యుత్తు చాలా కొద్ది, గేరుబాక్సులో, మోటారులో అయ్యే నష్టాలే దాన్ని మింగేస్తాయట. ఒకటిన్నర మీటరు దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అచ్చు బల్లను తాకి, దాన్ని హుక్కుకు కట్టిన స్లింగు వదులైన చప్పుడు వినేదాకా అతను బొటనవేలు కదపలేదు. నేను పొగిడిన వీఎఫ్‌డీయే ఇరికించింది, దాని మెల్ల వేగమే బయటపడేసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని పరిస్థితి.

తర్వాత క్రేనును నేల గట్టిగా ఉన్న చివరి బేకు, అంటే షెడ్డు చివరి భాగానికి, నడిపి, లిఫ్టు బండిని అద్దెకు తెప్పించాం. అది రావడానికి రెండు రోజులు పట్టింది. పైకెక్కి చూస్తే రెసిస్టరు తీగ బిగించిన నట్టు కంపనానికి వదులై, తీగ కొసన ఉండే లోహపు లగ్గు మాడి ఊడిపోయింది. కొత్త లగ్గు వేసి బిగించడానికి పది నిమిషాలు.

అప్పటి నుంచి నా సలహా కొంచెం మారింది. వీఎఫ్‌డీ పెట్టించుకోండి, నిజమే. కానీ దాని కోడ్ కింద నిలబడి చదవగలిగే ఏర్పాటు కూడా అడగండి. బ్రేకు లైనర్లు అరగవని గొప్పగా చెప్పేవాణ్ని. మోటారు తానే వేగం తగ్గించుకుని ఆగాకే బ్రేకు పడుతుంది కాబట్టి అది నిజమే. అయితే అరగని బ్రేకును ఎవరూ చూడరు కూడా. మేము చూడలేదు. ఉక్కుతాడులో తెగిన తీగలు లెక్కపెట్టడం, వ్యాసం కొలవడం ఆరు నెలలకోసారి అనుకున్నాం. బండి అద్దెకు తేవాలంటే బద్ధకించి, ఏడాదికి ఒకసారి చేశాం. పైకెక్కే దారి లేకపోతే నిర్వహణ కాగితం మీదే జరుగుతుంది. రేడియో రిమోట్ గురించి కూడా ఇలాంటి మాటే ఉంది. ఎక్కడైనా నిలబడి నడపవచ్చు, అందుకే నిలబడకూడని చోట కూడా నిలబడతారు. మేము అచ్చుల పనికి మళ్లీ తీగకు వేలాడే బటన్ల పెట్టెకే, అంటే పెండెంటుకే వచ్చేశాం.

మరి డబుల్ గర్డరు తీసుకోవలసిందా? దానికి గర్డరు పక్కన నడకదారి సులభంగా పెట్టవచ్చు, హుక్కు కూడా ఇంకా ఎత్తుకు లేస్తుంది. కానీ పట్టాల పైన ఎక్కువ ఖాళీ కావాలి, స్తంభాలు ఎక్కువ బరువు మోయాలి. మా కప్పు తక్కువ ఎత్తు, స్తంభాలు పాతవి. మళ్లీ కొనాల్సి వచ్చినా బహుశా సింగిల్ గర్డరే కొంటాను. కొత్త షెడ్డు కడుతున్నవారు, పగలూ రాత్రీ ఆగకుండా నడిపేవారు నా మాట వినకపోయినా ఫరవాలేదు. మాది రోజుకు కొన్ని అచ్చుల పని.

మేము చేసిందల్లా చివరి బేలో, స్తంభాన్ని ఆనుకుని, హాయిస్టు ఎత్తున ఒక స్థిరమైన ప్లాట్‌ఫామ్ కట్టించడం. క్రేను అక్కడికి నడవగలిగినంతకాలం అది అక్కరకు వస్తుంది. నడవలేని రోజున పక్క క్రేనుతో నెట్టించాలి. అది ఇంకా చేసి చూడలేదు.

ప్లాట్‌ఫామ్ పూర్తయ్యాక మొదటిసారి ఎక్కినప్పుడు గర్డరు పై పలక మీద తుప్పు పట్టిన స్పానరు ఒకటి కనిపించింది. బిగించినవాళ్లు మరిచిపోయి వదిలేసింది. మొదటి రోజు నుంచీ మా తలల మీదుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.