ఈయూకి ఏది మేలు: వీటోల కూటమా, రెండు వేగాల బండా, పన్ను వేసే సమాఖ్యా?

హంగరీ అడ్డుపడిందనో, స్లొవేకియా మొండికేసిందనో వార్త వచ్చిన ప్రతిసారీ పాఠకులు అడిగేది ఒకటే. ఒక్క దేశం కాదంటే ఇరవయ్యారు దేశాలు ఆగిపోవడం ఏమిటి, హాయిగా అమెరికాలాగో మనలాగో ఒక సమాఖ్య అయిపోవచ్చు కదా అని.

ఈయూ, అంటే యూరోపియన్ యూనియన్, ఇప్పటికే సగం సమాఖ్య. 2026 జనవరిలో బల్గేరియా చేరాక 21 దేశాలకు ఒకే కరెన్సీ. దిగుమతి సుంకాల విషయంలో 27 దేశాలదీ ఒకే గోడ. ఈయూ చట్టానికీ దేశ చట్టానికీ పొత్తు కుదరకపోతే ఈయూ చట్టానిదే పైచేయి అని లగ్జెంబర్గ్‌లోని యూరప్ ఉమ్మడి కోర్టు 1964లోనే తేల్చింది. మిగతా సగం, అంటే పన్నులు, విదేశాంగం, సైన్యం, ఇంకా పాతకాలపు సంధి పత్రాల పద్ధతిలోనే ఉంది. కాబట్టి తేల్చుకోవాల్సింది ఆ రెండో సగాన్ని ఏం చేయాలన్నది. ఉన్నట్టే ఉంచడమా, సై అన్నవాళ్లు ముందుకెళ్లి మిగతావాళ్లను తర్వాత రమ్మనడమా, అందరూ కలిసి నిజమైన సమాఖ్య కట్టుకోవడమా?

అసలు ఈయూనే వదులుకుని వ్యాపార ఒప్పందాలతో సరిపెట్టుకోవడమనే నాలుగో దారి కూడా ఉంది. 2020 జనవరి 31న బ్రిటన్ వెళ్లిన దారి అది. నార్వేలా బయట ఉండి ఆ మార్కెట్లోనే అమ్ముకోవాలంటే నియమాలన్నీ పాటించాలి, డబ్బూ కట్టాలి, ఓటు మాత్రం ఉండదు. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

వీటో ఎవరికి, ఎందుకు

ఈయూలో ప్రతిదానికీ ఏకగ్రీవం కావాలన్నది అపోహ. మంత్రుల కౌన్సిల్‌లో చాలా చట్టాలు జంట మెజారిటీతో గట్టెక్కుతాయి: 55 శాతం దేశాలు, అంటే కనీసం 15, ఒప్పుకోవాలి, వాటి జనాభా మొత్తం ఈయూలో 65 శాతం ఉండాలి. మన జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రం ఓటుకు మూడో వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతుల బరువు ఇచ్చి, నాలుగింట మూడు వంతుల మెజారిటీ అడుగుతారు కదా, ఇదీ ఆ జాతి లెక్కే. తేడా ఏమిటంటే, జీఎస్టీ రేటును గోవా ఒక్కటే ఆపలేదు. ఈయూలో పన్నుల దగ్గరికొస్తే మాల్టా ఒక్కటే ఆపగలదు. పన్నులు, విదేశాంగ విధానం, ఏడేళ్ల బడ్జెట్, కొత్త సభ్యుల చేరిక: వీటికి ఇప్పటికీ అందరూ ఔననాలి.

ఆచరణలో వీటో ఎలా పనిచేస్తుందో చూస్తే దాని అసలు రంగు తెలుస్తుంది. 2020 సెప్టెంబర్‌లో బెలారస్ మీద ఆంక్షలను సైప్రస్ ఆపేసింది. బెలారస్‌తో సైప్రస్‌కు పేచీ ఏమీ లేదు. టర్కీ మీద గట్టిగా మాట్లాడితే గానీ ఇది వదలనంది. 2023 డిసెంబర్‌లో ఉక్రెయిన్‌కు ఇవ్వాల్సిన 5,000 కోట్ల యూరోలను హంగరీ ఆపింది. ఆ సమావేశానికి ముందు రోజే, న్యాయవ్యవస్థలో మార్పులు చేసిందన్న కారణం చూపి, అప్పటిదాకా హంగరీకి బిగపట్టిన నిధుల్లోంచి 1,020 కోట్ల యూరోలకు ఈయూ పాలన నడిపే కమిషన్ దారి తెరిచింది. దాని మీద యూరోపియన్ పార్లమెంటు కమిషన్‌ను కోర్టుకే లాగింది. ఉక్రెయిన్ డబ్బుకు ఆమోదం 2024 ఫిబ్రవరి 1 దాకా రాలేదు. వీటో ఉన్నచోట అభ్యంతరం ఒకదాని మీద, బేరం ఇంకోదాని మీద.

అయినా వీటోను తీసిపారేయమనడం చిన్న దేశాలకు అన్యాయంగా తోచడంలో తప్పులేదు. పది లక్షల లోపు జనాభా ఉన్న సైప్రస్‌కు దీవిలో మూడో వంతుకు పైగా చేతిలో లేదు. ఆ విషయంలో బెర్లిన్, పారిస్ ఓట్లేసి తేల్చేస్తామంటే ఎవరు ఊరుకుంటారు? ఐర్లండ్ తన కంపెనీ పన్నును దశాబ్దాలపాటు ఈ కవచం చాటునే కాపాడుకుంది.

ఒప్పందం మార్చకుండా వీటో తగ్గించే మార్గం ఒకటి కాగితం మీద ఉంది. లిస్బన్ ఒప్పందం సవరించిన ఈయూ మూల ఒప్పందంలోని 48వ అధికరణం 7వ క్లాజు ప్రకారం, ఫలానా విషయాన్ని ఏకగ్రీవం నుంచి మెజారిటీకి మార్చుకోవచ్చు. అలా మార్చడానికి దేశాధినేతలందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి, ఆరు నెలల్లోగా ఏ ఒక్క దేశపు పార్లమెంటూ కాదనకూడదు. తాళంచెవి తాళం వేసిన గదిలోనే ఉంది.

ఖజానా లెక్క

చర్చలన్నీ వీటో దగ్గరే ఆగిపోతాయి. నా దృష్టిలో తేల్చేది అది కాదు, ఖజానా.

ఈయూకి డబ్బు నాలుగు కాలువల్లో వస్తుంది. దిగుమతి సుంకాలు, వీటిలో 25 శాతం వసూలు ఖర్చుల కింద సభ్యదేశాలే ఉంచుకుంటాయి. వ్యాట్ లెక్క మీద 0.3 శాతం వాటా. 2021 నుంచి, రీసైకిల్ చేయని ప్లాస్టిక్ ప్యాకేజింగ్ కిలోకు 80 సెంట్లు. మిగతాదంతా, అంటే అన్నిటికంటే పెద్ద భాగం, ప్రతి దేశం తన జాతీయాదాయాన్ని బట్టి కట్టే చందా. మొత్తం కలిపి ఈయూ దేశాల జాతీయాదాయంలో సుమారు ఒక శాతం. మన కేంద్ర బడ్జెట్ జీడీపీలో 14–15 శాతం ఉంటుంది. పైగా మన దగ్గర కేంద్రం వసూలు చేసి, ఆర్థిక సంఘం చెప్పిన వాటాను రాష్ట్రాలకు పంచుతుంది. అక్కడ రాష్ట్రాల్లాంటివే చందా వేసుకుని కేంద్రాన్ని పోషిస్తాయి. నీరు ఎదురు పారుతుందన్నమాట.

చందా పద్ధతిలో వచ్చే మొదటి తెగులు, ప్రతి దేశమూ ‘ఎంత కట్టాం, ఎంత తిరిగొచ్చింది’ అని లెక్కేసుకోవడం. 2020 జూలైలో నాలుగు పగళ్లూ నాలుగు రాత్రులూ కూర్చుని కోవిడ్ పునరుద్ధరణకు 75,000 కోట్ల యూరోల ఉమ్మడి అప్పుకు ఒప్పుకున్నారు. అందుకు మూల్యంగా నెదర్లాండ్స్, ఆస్ట్రియా, డెన్మార్క్, స్వీడన్‌లకు చందాలో రాయితీలు పెంచారు.

రెండోది ఇంకా లోతైనది. ఖర్చు మీద యూరోపియన్ పార్లమెంటుకు గట్టి ఓటే ఉంది. రాబడి మీద లేదు. ఆదాయ వనరుల నిర్ణయం కౌన్సిల్ ఏకగ్రీవంగా చేస్తుంది, పార్లమెంటును సలహా అడుగుతుంది, ఆపైన 27 దేశాలూ విడివిడిగా ఆమోదించాలి. కాబట్టి ఎన్నికల్లో నిలబడ్డ అభ్యర్థి ‘నేను గెలిస్తే ఈ పన్ను వేస్తా, ఆ పన్ను తగ్గిస్తా’ అని చెప్పలేడు. మండలం నుంచి నిధులొస్తే చూద్దాం అనే సర్పంచి పరిస్థితే అతనిదీ. చేతిలో పన్ను లేనివాడిని ఓటరు నిలదీసేది దేని గురించి? అందుకే యూరప్ ఎన్నికలు సొంత ప్రభుత్వం మీద కసి తీర్చుకునే ఎన్నికలైపోయాయి. 1979లో మొదటి ప్రత్యక్ష ఎన్నికల్లో 62 శాతం దాకా ఓటేశారు. 2014కల్లా అది 42.6కు పడి, 2024లో 51 దగ్గర నిలిచింది. ఈ మధ్యకాలంలో పార్లమెంటు అధికారాలు పెరిగాయే గానీ తగ్గలేదు. పెరగనిది పన్ను వేసే అధికారం ఒక్కటే.

ఇదంతా అమెరికా ఒకసారి అనుభవించిందే. 1787 రాజ్యాంగానికి ముందు అక్కడి కూటమికి పన్ను వేసే అధికారం లేదు. 13 రాష్ట్రాలను చందా అడుక్కునేది. 1781లో దిగుమతుల మీద 5 శాతం సుంకం వేద్దామంటే అందరి ఒప్పుదలా కావాల్సి వచ్చింది. 1782లో రోడ్ ఐలాండ్ ఒక్కటి కాదంది, అంతే. ఇంకోసారి ప్రయత్నిస్తే 1786లో న్యూయార్క్ దెబ్బకొట్టింది. కొత్త రాజ్యాంగం తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలు, ఒప్పుకున్నవాటికి అమల్లోకి వస్తుందని రాసుకున్నారు. మొరాయించిన రోడ్ ఐలాండ్ 1790లో అందరికంటే చివర వచ్చి చేరింది.

2020 అప్పును అమెరికా తొలి ఆర్థికమంత్రి హామిల్టన్ చేసిన పనితో పోల్చినవాళ్లు వరస చూడలేదు. అమెరికా 1789లో ముందు సుంకం చట్టం చేసుకుంది, 1790లో రాష్ట్రాల అప్పులు నెత్తికెత్తుకుంది. యూరప్ ముందు అప్పు చేసింది, తీర్చే పన్ను సంగతి తర్వాత చూద్దామంది. కార్బన్ అనుమతుల వేలం, సరిహద్దు కార్బన్ సుంకాల వాటాతో తీర్చవచ్చని 2021 డిసెంబర్‌లో కమిషన్ ప్రతిపాదించినా దేశాలు కదల్లేదు. అప్పు మాత్రం 2058లోగా తీరాలి.

రెండు వేగాల బండి

తొమ్మిది దేశాలు కలిస్తే ఈయూ చట్రంలోనే ముందుకెళ్లవచ్చు. చేరిన దేశాలన్నిటికీ ఒకే పేటెంట్ ఇలా పుట్టిందే; 2023 జూన్ నుంచి నడుస్తోంది. ఈయూ నిధుల మోసాల మీద కేసులు పెట్టే యూరోపియన్ ప్రాసిక్యూటర్ కార్యాలయం కూడా 2021 జూన్ నుంచి ఇలాగే పనిచేస్తోంది. సాంకేతిక విషయాల్లో ఈ పద్ధతికి వంక పెట్టలేం.

డబ్బు దగ్గరికొచ్చేసరికి బండి దిగబడుతుంది. షేర్లు, బాండ్ల లావాదేవీల మీద చిన్న పన్ను వేద్దామని 2013లో 11 దేశాలు అనుమతి తెచ్చుకున్నాయి. పన్ను కాబట్టి ఆ పదకొండింటి మధ్య కూడా ఏకగ్రీవమే కావాలి. బాండ్లు కలపాలా వద్దా, ఎవరి కంపెనీకి ఎవరు వసూలు చేయాలి అన్న దగ్గర తెగలేదు. ఎస్తోనియా తప్పుకుంది. ఉమ్మడి పన్ను ఈ రోజుకీ రాలేదు. గుంపు చిన్నదైనంత మాత్రాన వీటో చిన్నది కాదు.

నిజానికి అన్నిటికంటే పెద్ద రెండు వేగాల ప్రయోగం యూరోనే. దాని లోపం 2015లో గ్రీసులో బయటపడింది. జూలై 5న అప్పుల షరతులకు 61 శాతం మంది ‘వద్దు’ అని ఓటేశారు. ఎనిమిది రోజులకే, జూలై 13న, అంతకంటే కఠినమైన షరతులకు వాళ్ల ప్రభుత్వం తలూపింది. దీన్ని ప్రజాస్వామ్యం మీద పెత్తనం అనడం సులువు. కానీ అప్పిచ్చే జర్మనీలో కూడా ఎన్నికైన పార్లమెంటే ఓటేసి తేల్చాలి. రెండు వైపులా ఓటు న్యాయమైనదే. ఆ రెండు ఓట్లూ కలిసి పడే పెట్టె లేదు. నిర్ణయాలు ఎక్కువగా జరిగింది యూరో దేశాల ఆర్థికమంత్రులు కూర్చునే యూరో గ్రూప్‌లో. ఒప్పందం మాటల్లోనే అది లాంఛనం కాని సమావేశం.

జర్మనీ, నెదర్లాండ్స్‌లలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లకు బ్లూ కార్డు (బయటి దేశాల నిపుణులకిచ్చే ఉద్యోగ అనుమతి) దగ్గర ఈ అతుకుల బొంత తగులుతుంది. చట్టం ఈయూది, జీతం పరిమితి ఒక్కో దేశానిది, డెన్మార్క్, ఐర్లండ్‌లలో అసలు కార్డే లేదు.

సమాఖ్య అంటే ఎంత

సమాఖ్య అనగానే బ్రస్సెల్స్ నుంచి బడి పుస్తకాలు కూడా వస్తాయని భయపెడతారు. అవసరం లేదు. 1977లో కమిషన్ కోసం నిపుణులు తయారుచేసిన మెక్‌డూగల్ నివేదిక, చిన్న సమాఖ్యకు జీడీపీలో 5 నుంచి 7 శాతం, దానికి ముందు దశకు 2 నుంచి 2.5 శాతం బడ్జెట్ చాలని లెక్కగట్టింది. బడులు, పింఛన్లు, పోలీసులు దేశాల దగ్గరే ఉంటాయి. మారాల్సినవి కొన్నే. చట్టం ప్రతిపాదించే హక్కు ఇప్పుడు దాదాపు పూర్తిగా కమిషన్‌దే, అది పార్లమెంటుకూ రావాలి. కమిషన్ అధ్యక్ష పదవి ఎన్నికల ఫలితాన్ని బట్టి దక్కాలి. 2019లో గెలిచిన పార్టీ ముందుగా ప్రకటించిన అభ్యర్థిని పక్కనపెట్టి, బరిలో లేని వాన్ డెర్ లేయెన్‌ను దేశాధినేతలు తెచ్చారు. కౌన్సిల్ రాజ్యసభలా రెండో సభ కావాలి. వీటన్నిటికంటే ముందు, పరిమితమైనదైనా సరే, సొంత పన్ను కావాలి.

అడ్డంకులు మాటల్లో పోయేవి కావు. మాల్టాలో లక్ష లోపు జనానికి ఒక ఎంపీ, జర్మనీలో ఎనిమిదిన్నర లక్షలకు పైగా జనానికి ఒకరు. ఒక మనిషికి ఒకే విలువ లేని సభ పూర్తి ప్రజాస్వామ్య ప్రాతినిధ్యం కాదని జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం 2009లోనే ఎత్తిచూపింది. సమాఖ్య రాజ్యంలో కలవాలంటే జర్మన్ ప్రజలే కొత్త రాజ్యాంగానికి ఒప్పుకోవాలనీ అంది. 24 అధికార భాషల మధ్య ఒకే రాజకీయ చర్చ నడవడం కష్టమన్నదీ నిజమే, అయితే 22 భాషల షెడ్యూలున్న దేశంలో కూర్చుని చదివేవాళ్లకు ఆ వాదన అంత భయంకరంగా అనిపించకపోవచ్చు. 2005లో రాజ్యాంగ ఒప్పందాన్ని మే 29న ఫ్రాన్స్, జూన్ 1న నెదర్లాండ్స్ ఓటర్లు తిప్పికొట్టారు. 2023 నవంబర్‌లో పార్లమెంటే ఒప్పందాల మార్పుకు ప్రతిపాదనలు ఆమోదించింది, 291కి 274 ఓట్లతో. సొంత సభలోనే అంత సన్నని తేడా.

మామూలు దారి కూడా పొడవైనదే: ముందు సదస్సు, తర్వాత ప్రభుత్వాల ఏకగ్రీవం, ఆపైన 27 ఆమోదాలు, ఐర్లండ్ లాంటిచోట ప్రజల ఓటు. పనికొచ్చే నమూనా, బడ్జెట్ లోటుకు కళ్లెం వేసే 2012 ఆర్థిక ఒప్పందం. బ్రిటన్ కాదనడంతో దాన్ని ఈయూ ఒప్పందాల బయట రాసుకున్నారు. 17 యూరో దేశాల్లో 12 ఆమోదిస్తే చాలని పెట్టుకున్నారు, 2013 జనవరి 1న అది అమల్లోకి వచ్చింది. అమెరికా తొమ్మిది రాష్ట్రాల లెక్క లాంటిదే. అలాంటి పత్రంతో కొన్ని దేశాలు ఉమ్మడి పన్ను, దాని మీద తమ ఎంపీల మెజారిటీ ఓటు పెట్టుకోవచ్చు. ఈయూ చట్టానికి విరుద్ధంగా పోకూడదు కాబట్టి సుంకాలను ముట్టుకోలేరు, కంపెనీ లాభాల మీద పన్నును ముట్టుకోవచ్చు. రెండు వేగాల దారిలో నాకు నచ్చే రూపం ఇదొక్కటే: గుంపు చిన్నది, లోపల మాత్రం వీటో ఉండదు.

ప్రస్తుతానికి చూడాల్సింది 2028–34 బడ్జెట్ బేరం. కోవిడ్ అప్పు అసలు 2028 నుంచి తీర్చాలి. 2025 జూలై ప్రతిపాదనలో కమిషన్ దానికి ఏటా దాదాపు 2,400 కోట్ల యూరోలు చూపింది, పెద్ద కంపెనీల నుంచి వసూలు సహా కొత్త ఆదాయ వనరులూ అడిగింది. వాటిలో ఒక్కటి కూడా గట్టెక్కకపోతే ఆ కంతులు చందాల్లోంచే పోవాలి, లేదా రైతుల, ప్రాంతాల నిధుల్లోంచి కోసుకోవాలి.