ఆటోనగర్‌లో ఓమ్నీకి కమాన్లు కట్టించి స్పితి తీసుకెళ్లాం: షాపు ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయను. ఒకటి, కిందకి వెళ్లేకొద్దీ తిట్లు ఉన్నాయి. రెండు, బండి ఇప్పుడు కూడా ఆ మేస్త్రీ దగ్గరే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు కమాన్లు, అంటే చక్రాల మీద బరువు మోసే వంపు ఇనుప పట్టీలు, కట్టే రేకుల షెడ్డు అది. బయట వేపచెట్టు, చెట్టు కింద ఎప్పుడు చూసినా ఏదో ఒక లారీ హౌసింగ్ (వెనక ఇరుసు ఉండే ఇనుప గూడు) విప్పి పడేసి ఉంటుంది. అక్కడ అలాంటి షెడ్లు బోలెడు, కాబట్టి మీరు కనిపెట్టలేరు.

బండి 2014 ఓమ్నీ, పెట్రోల్. మా నాన్న కిరాణా కొట్టుకి సరుకు తోలిన బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు, కొత్తలోనే దాదాపు 35 హార్స్‌పవర్, నాలుగు గేర్లు, 12 అంగుళాల చక్రాలు. దీన్ని హిమాచల్ కొండల్లోని స్పితి లోయకి తీసుకెళ్తానంటే ఇంట్లో నవ్వారు, ఆఫీసులో నవ్వారు, మేస్త్రీ మాత్రం నవ్వకుండా "ఎంత బరువు ఏస్తారు?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన మీద గురి కుదిరిపోయింది. తర్వాత ఆ బరువు పెంచింది కూడా ఆయనే, అది వేరే సంగతి.

ఓమ్నీయే ఎందుకంటే, ఉంది కాబట్టి. ఫోర్ బై ఫోర్ కొనే డబ్బులుంటే ఈ రివ్యూనే ఉండేది కాదు. కానీ జనం అనుకున్నంత పిచ్చి ఆలోచన కూడా కాదు. ఈ బండిని లాగేది వెనక చక్రాలు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, అంటే లాగే చక్రాల మీదే పడుతుంది, అందుకే కంకర రోడ్డు మీద చిన్న కార్ల ముందు చక్రాలు గిర్రున తిరిగే చోట ఇది మెల్లగా పాక్కుంటూ పోతుంది. వెనక పట్టీల సస్పెన్షన్, లారీ లాంటిదే, ఏ ఊళ్లో అయినా రిపేరు చేస్తారు. ఇంజిన్ సీటు కింద ఉంటుంది కాబట్టి వానలో కూడా లోపల కూర్చునే చూసుకోవచ్చు. లేనిది ఒక్కటే, బలం.

కమాన్ల పని గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ షాపు అసలు విద్య అదే. పట్టీలు విప్పి నేల మీద పెట్టి, పాత వంపుని సుద్దముక్కతో గీశాడు. దాని పైన రెండు వేళ్ల ఎత్తులో ఇంకో గీత. ఒక్కో పట్టీని దిమ్మె మీద పెట్టి సుత్తితో కొట్టడం, తెచ్చి గీత మీద పెట్టి చూడటం, మళ్లీ కొట్టడం. కొలత టేపు ముట్టుకోలేదు. కుడివైపు పట్టీలకి ఎడమవైపు కంటే కొంచెం వంపు ఎక్కువ ఇచ్చాడు. ఎందుకూ అంటే "డ్రైవరు కూర్చునేది అటేగా బాబూ" అన్నాడు. ఒక పట్టీ అదనంగా వేశాడు. బండి వెనక దాదాపు రెండు అంగుళాలు లేచింది, పది రోజులు గుంతల్లో పడినా కూర్చోలేదు, ఒక్క పట్టీ విరగలేదు. 5,200 తీసుకున్నాడు, ఇంకో వెయ్యి అడిగినా ఇచ్చేవాణ్ణి.

కానీ వెనక లేపితే గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారుతుంది, ఆ సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అరవై దాటితే సీటు కింద నుంచి ఒక వణుకు. ఆ షాఫ్ట్ జాయింటు, క్రాస్ అంటారు, కొత్తది వేశాక తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ముందు వైపు స్ట్రట్ల (ముందు చక్రాల షాక్‌ల) పైన లేత్ మీద తిప్పించిన నైలాన్ స్పేసర్లు వేశాడు, 1,800. అవి గట్టివే. వేశాక అలైన్‌మెంట్ చేయించుకోమని చెప్పాలి కదా, చెప్పలేదు. నాగ్‌పూర్ చేరేసరికి ముందు టైర్లు లోపలి అంచు అరిగిపోవడం మొదలైంది.

టైర్ల దగ్గర మాత్రం గొడవపడ్డాం. 13 అంగుళాల చక్రాలు వేద్దాం, చూడ్డానికి బాగుంటుంది అన్నాడు. కంపెనీ ఇచ్చిన 145 ఆర్ 12 సైజు టైరు తీసేసి 13 అంగుళాల 155/80 ఆర్ 13 వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు 7 శాతం పెరుగుతుంది, అంటే ఫస్ట్ గేరు కూడా అంత బరువెక్కినట్టే. అసలే లాగలేని బండికి అది ఎందుకు? అదే సైజులో సరుకు బళ్లకి వేసే గట్టి టైర్లు బయట కొనుక్కుని తెచ్చుకున్నా. పైకప్పు కోసి లేపుదాం, లోపల నిలబడొచ్చు అని కూడా అన్నాడు. దానికీ వద్దన్నా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, 2019లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపం మార్చొద్దని చెప్పింది. రేపు ఇన్సూరెన్స్ వాళ్ల ముందు ఎవడు నిలబడతాడు?

ఇక ఛాంబర్ గార్డు, అంటే ఇంజిన్ ఆయిల్ ఛాంబర్‌కి రాళ్లు తగలకుండా కింద వేసే రేకు. నేను 3 మిల్లీమీటర్ల రేకు చాలన్నా. ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చేసరికి 5 మిల్లీమీటర్లది వెల్డింగ్ అయిపోయి ఉంది. "రాయి తగిలితే రాయే పగలాలి" అన్నాడు నవ్వుతూ. 5 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరు 39 కిలోలు తూగుతుంది. మాది కొంచెం చిన్నది, 35. పోనీ అంటే ఆయిల్ దించే నట్టు కింద బొక్క పెట్టలేదు, గాలి ఆడటానికి చీలికలు లేవు. దానికి 6,500. అది చాలక బండి పైన క్యారియర్, అంగుళం పైపులతో, అడుగున రేకు కూడా పరిచి, 45 కిలోలు, 11,000. లేబరు, చిల్లర కలిపి 4,500. మొత్తం 29,000. బయల్దేరే ముందు రోజు కాటా ఎక్కించాం. ఖాళీగా 800 కిలోల లోపు ఉండాల్సిన బండి, నేను, మా బావమరిది, ఫుల్ ట్యాంకు, సామానుతో 1,270. అందులో 80 కిలోలు మేస్త్రీ గారి ఇనుము.

ఇంకో పెద్ద ఫిర్యాదు, టైము. పది రోజులన్నాడు, ఇరవై ఆరు రోజులు పట్టింది. ఫోన్ చేస్తే "రేపు సాయంత్రం". ఆ రేపు ఎన్నిసార్లు వచ్చిందో. దీనివల్ల నా సెలవులు కరిగిపోయాయి. సిమ్లా, కిన్నౌర్ మీదుగా మెల్లగా ఎత్తుకి అలవాటుపడుతూ వెళ్దామనుకున్నది కాస్తా మనాలి నుంచి నేరుగా ఎక్కాల్సి వచ్చింది. తలనొప్పి అనే మాటకి అర్థం ఆ దారిలో ఎత్తున ఉన్న బాతల్‌లో తెలిసింది.

నాగ్‌పూర్ దాటాక వెనక నుంచి టక్ టక్ శబ్దం. ఝాన్సీ దగ్గర ధాబా పక్కన లారీ మెకానిక్ కింద దూరి చూసి, కమాన్లని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ క్లాంపులు వదులయ్యాయని చూపించాడు. కొత్తగా కట్టిన కమాన్లు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక సర్దుకుంటాయి, అప్పుడు మళ్లీ బిగించాలి, లేకపోతే యాక్సిల్ జరుగుతుంది. లారీల వాళ్లందరికీ తెలిసిన సంగతి. నేను లారీ వాణ్ణి కాదు కదా, ఒక్క మాట చెబితే ఏం పోయేది? ఆ మెకానిక్ పావుగంటలో నాలుగు క్లాంపులూ బిగించి రెండొందలు తీసుకున్నాడు.

మనాలిలో మొదట చేసిన పని క్యారియర్ విప్పేయడం. గది ఓనరు గారి పెరట్లో పెట్టాం, వచ్చేది కిన్నౌర్ వైపు కాబట్టి అది అక్కడే ఉండిపోయింది. తెచ్చుకోవాలని కూడా లేదు.

అటల్ టన్నెల్ దాటి, కోక్సర్ మీదుగా గ్రాంఫూ దగ్గర స్పితి దారి పట్టాక రోడ్డు అనేది పేరుకే. రాళ్లు, వాటి మధ్య నీళ్లు. మంచు కరిగే కొద్దీ మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి, అందుకే తెల్లారే బయల్దేరాం. ఇక్కడ మేస్త్రీ ఉచితంగా చేసిన పని ఒకటి పనికొచ్చింది. వెనక హౌసింగ్‌కి గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటుంది. తిరిగి తిరిగి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలోకి దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది, గొట్టం మూతి నీళ్లలో ఉంటే ఆ నీళ్లనే లోపలికి లాగేసుకుంటుంది, ఆయిలు పాలలా తెల్లగా అయిపోతుంది. షెడ్డులో మిగిలిన రబ్బరు పైపు ముక్క తగిలించి, దాని మూతిని వెనక తలుపు దాకా లేపి, వైరుతో కట్టాడు. బిల్లులో కూడా రాయలేదు. ఐదు వాగులు దాటాక స్పితిలోని పెద్ద ఊరు కాజాలో ఆయిలు చూశాం, తేనెలా ఉంది.

ఛాంబర్ గార్డు కూడా రెండుసార్లు రాయి మీద కూర్చుంది. నిజం చెప్పాలి, ఆ రెండుసార్లూ మేస్త్రీకి మనసులో దండం పెట్టుకున్నా. కానీ 3 మిల్లీమీటర్లదైనా ఆగేది.

బాతల్ నుంచి కుంజుమ్ కనుమ ఎక్కేటప్పుడు అసలు పరీక్ష. 4,500 మీటర్ల పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో అరవై శాతం కూడా ఉండదు. అంటే మా ముప్పై చిల్లర గుర్రాల్లో ఇరవయ్యో ఏమో మిగిలాయి, వాటి మీద టన్నుంబావు బరువు. మూడో మలుపులో ఫస్ట్ గేరులోనే ఆగిపోయింది. క్లచ్ కాలిన వాసన. దానితో పాటు ఇంకో వాసన, ఎండుమిరపది. ఇన్నేళ్లు మిరప బస్తాలు మోసిన బండి కదా, మ్యాటు కింద ఇరుక్కున్న గింజలు ఇంజిన్ వేడికి వేగుతున్నాయి. ఇద్దరం ఒకటే తుమ్ములు. "బావా, నేను దిగి నడుస్తా, నువ్వు పోనీ" అని బావమరిది దిగిపోయాడు. కింద నుంచి వచ్చిన హెచ్‌ఆర్‌టీసీ (హిమాచల్ ఆర్టీసీ) బస్సు డ్రైవరు హారను కొట్టకుండా ఓపిగ్గా ఆగాడు. ఇరవై నిమిషాలు క్లచ్ చల్లారనిచ్చి, నీళ్ల క్యాన్లు ఒలకబోసి, మళ్లీ లాగితే ఎక్కింది. బావమరిది పది అడుగులకోసారి ఆగుతూ పై మలుపు దాకా నడిచొచ్చాడు. అప్పుడు లెక్క వేసుకున్నా, ఆ 35 కిలోల రేకులో సగం లేకపోయినా, ముందుజాగ్రత్తని పెట్టుకున్న 20 లీటర్ల పెట్రోల్ క్యాను మోయకపోయినా వాడు నడవాల్సిన పని ఉండేది కాదేమో. మనాలి నుంచి కాజాకి రెండొందల కిలోమీటర్లే, ట్యాంకు సరిపోయింది, కాజాలో బంకు ఉంది. క్యాను మూత కూడా తియ్యలేదు.

అందుకని ఈ షాపుకి ఎవరైనా వెళ్తే: కమాన్లు కళ్లు మూసుకుని ఇచ్చేయండి. ఇనుము పని మాత్రం పక్కన నిలబడి చేయించుకోండి, రేకు మందం కాగితం మీద రాయించండి, ఊరెళ్లొద్దు. పది రోజులంటే నెల అని అనుకోండి. ఐదుకి మూడున్నర ఇస్తా. కమాన్లకి ఐదు, మిగతాదంతా కలిపి ఎంతో మీరే చూసుకోండి.

తిరిగొచ్చాక బండి తీసుకెళ్లి గట్టిగానే అడిగా. కిందకి దూరి, గార్డు మీద సొట్టలు వేలితో తడిమి, బయటికొచ్చి "రాయి పగిలిందా?" అన్నాడు. తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు, బరువెక్కువైందని. 3 మిల్లీమీటర్లది వేసి, ఆయిల్ నట్టుకి బొక్క పెట్టి, డబ్బుల్లేకుండా ఇస్తానన్నాడు. రేపు సాయంత్రం ఇస్తాడట. పన్నెండు రోజులైంది.