దిస్ వార్ ఆఫ్ మైన్: కొన్నేళ్లుగా ఆడుతున్న గేమ్

ఎన్ని గేములు తీసేసినా నా ఫోన్‌లో మిగిలిపోయింది 'దిస్ వార్ ఆఫ్ మైన్'. పోలండ్‌లోని 11 బిట్ స్టూడియోస్ 2014లో తెచ్చింది, ఆ తర్వాత మొబైల్‌కూ వచ్చింది. డబ్బు పెట్టి కొనాలి గానీ, ఆడటానికి నెట్ అక్కర్లేదు. ప్రాణహిత పొంగినప్పుడు కరెంటూ టవరూ రెండూ పోయే మా సిరొంచ వైపు అదే పెద్ద సుఖం.

యుద్ధం గేమే, కానీ మనం సైనికులం కాదు. శత్రువులు చుట్టుముట్టిన ఊళ్లో, సగం కూలిన ఇంట్లో తలదాచుకున్న మామూలు మనుషులం. 1992 నుంచి 1996 దాకా బోస్నియా రాజధాని సారయెవోను చుట్టుముట్టి సాగించిన ముట్టడి దీనికి ప్రేరణ. పగలు చాటు నుంచి గురిచూసి కాల్చే స్నైపర్ల భయానికి గడప దాటలేం. రాత్రి ఒకరు వెళ్లి తిండీ మందులూ వెతుక్కురావాలి.

ఒక చోట ముసలి దంపతుల ఇల్లు ఉంటుంది. ఆటలో మా ఇంట్లో ఉన్న కత్యాకు జబ్బు ముదిరింది, మందు లేదు. ఆ ఇంట్లోనే ఉన్న పావ్లేను ముసలి దంపతుల దగ్గరికి పంపాను. ఎదిరించేవాళ్లు లేరు. బీరువా తెరుస్తుంటే ముసలాయన వెనకే వచ్చి బతిమాలుతున్నాడు. పక్కన కూర్చుని చూస్తున్న మా అమ్మమ్మ, "ఆ ముసలోళ్ల ఉసురెందుకు పోసుకుంటున్నవ్ బిడ్డా?" అంది. అయినా సంచి నింపాను.

అసలు దెబ్బ తెల్లారాక తగులుతుంది. పావ్లే తల వేలాడేసి కాళ్లీడుస్తూ నడుస్తాడు. దిగులు ముదిరితే చెప్పిన పని చేయడు, ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఓదార్చాలి. అందరూ ఒకేలా బాధపడరు కూడా, మనిషిని బట్టి మారుతుంది. రోజు గడిస్తే ఆట దానంతటదే సేవ్ అయిపోతుంది, నిన్నటికి వెళ్లి దిద్దుకోలేం. సినిమాలో హీరో తప్పు చేస్తే వాణ్ని తిట్టుకుని బయటికొస్తాం. ఇక్కడ తిట్టుకోవడానికి ఎవరూ దొరకరు, ఆ బీరువా తెరిచింది నా వేలే.

2020లో పోలండ్ ప్రభుత్వం 18 ఏళ్లు నిండిన విద్యార్థులకు సిఫారసు చేసే పాఠ్య జాబితాలో దీన్ని చేరుస్తున్నట్టు ప్రకటించింది. ఆడినవాళ్లకు అందులో వింత కనిపించదు.

లోపాలున్నాయి. బాగా అలవాటయ్యాక మనుషులు లెక్కలైపోతారు: ఎవరికెంత తిండి, ఎవరు బాగా మోస్తారు అనే చూస్తాం. అప్పుడు నన్ను మళ్లీ కదిలించింది 'ద లిటిల్ వన్స్' అనే భాగం. ఇంట్లోకి పిల్లలొస్తారు, వాళ్లను ఆడించాలి, పనులు నేర్పాలి. తిండి లెక్క చూసుకుంటూనే బొమ్మ చేయడానికి సామాన్లు పక్కన పెట్టాను.

ఫోన్‌లో అక్షరాలు మరీ చిన్నవి. చాటుగా తప్పించుకునేటప్పుడు వేలు ఒకచోట పెడితే మనిషి ఇంకోచోటికి పోతాడు, ఒకటే టెన్షన్. టాబ్లెట్ ఉంటే దాంట్లోనే ఆడండి. చిన్నపిల్లల చేతికి మాత్రం ఇవ్వొద్దు, ఇందులో ఆకలి చావులూ ఆత్మహత్యలూ ఉన్నాయి.