కొత్త సిస్టమ్ వచ్చినప్పుడు డాక్టర్లకు, సిబ్బందికి ఏది మేలు: క్లాసా, పక్కన మనిషా, కాస్త టైమా?

పేషెంట్ల రికార్డులు, మందులు పెన్నుకు బదులు కంప్యూటర్‌లో ఎక్కించే కొత్త సాఫ్ట్‌వేర్ మా ఆస్పత్రిలో మొదలైన మూడో రోజు. ఒక పెద్దావిడ మోకాలి నొప్పి గురించి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయారు. డాక్టర్ గారు వినడం లేదనుకున్నారు. ఆయన వింటూనే ఉన్నారు. కాకపోతే మందు మోతాదు ఎక్కించే గడి స్క్రీన్‌లో ఎక్కడుందో దొరక్క వెతుక్కుంటున్నారు. ముప్పై ఏళ్లుగా పెన్నుతో క్షణాల్లో రాసేసిన పని అది. పక్కన నిలబడ్డ నాకు ఆయన మెడ మీద చెమట కనిపిస్తోంది. బయట రిసెప్షన్‌లో ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరి ఫైల్ తెరవాలో తేలక క్యూ తలుపు దాకా పెరిగింది.

ఆయనకు ట్రైనింగ్ ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. నెల ముందు ఒక పూట, ప్రొజెక్టర్ పెట్టి మరీ. హాజరు పట్టీలో ఆయన సంతకం కూడా ఉంది.

నర్సుగా ఇలాంటి మార్పులు మూడు దగ్గరుండి చూశాను. ప్రతిసారీ యాజమాన్యం ముందు అదే ప్రశ్న: సిబ్బందికి సాయం చేయడానికి ఉన్న డబ్బు, టైమ్ దేని మీద పెట్టాలి? ముందుగానే అందరినీ కూర్చోబెట్టి క్లాసు చెప్పాలా, మొదటి వారాల్లో పక్కనే ఒక మనిషిని ఉంచాలా, కొన్నాళ్లు పేషెంట్ల సంఖ్య తగ్గించాలా, లేక ఒత్తిడి తట్టుకోవడం నేర్పే సెషన్లు పెట్టాలా? అన్నీ చేస్తే మంచిదే. ఎక్కడా అన్నీ చేయరు కాబట్టే ఈ పోలిక.

క్లాసుతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ ముందు ఎంచుకునేది అదే. ఖర్చు తక్కువ, అందరికీ ఒకేసారి అయిపోతుంది. ఏం మారుతోంది, ఏ పని ఎవరి చేతికి వెళ్తోంది అన్నది అందరూ ఒకే మాటగా వినడానికి క్లాసే మంచిది. అంతకు మించి దాని నుంచి ఎక్కువ ఆశించకూడదు. క్లాసులో చూపించే పేషెంట్ ఉత్తుత్తి పేషెంట్. ఒకే జబ్బుతో వస్తాడు, రెండు మందులు వాడతాడు, మధ్యలో ఫోన్ మోగదు. అసలు సందేహాలు అసలు మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడే పుడతాయి. పైగా నెల ముందు విన్నది ఒక్కసారి కూడా వాడకపోతే గుర్తుండదు. క్లాసు పెట్టక తప్పదంటే మొదలుపెట్టే వారంలోనే పెట్టండి. రిసెప్షన్‌కు, నర్సులకు, డాక్టర్లకు విడివిడిగా పెట్టండి. ముగ్గురి పనీ వేరు.

పక్కన మనిషి ఉండటం దీనికి పూర్తిగా భిన్నం. చెయ్యి ఆగిన చోటే జవాబు దొరుకుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఎవరూ పైకి చెప్పరు. పేరున్న సీనియర్ డాక్టర్ జూనియర్లందరి ముందు చెయ్యెత్తి 'నాకు అర్థం కాలేదు' అనరు. అదే పక్కనున్న ఒక్క మనిషిని మెల్లగా అడుగుతారు. ఆ మనిషి కంపెనీ టెక్నీషియన్ కన్నా మన సిబ్బందిలోనే ఒకరైతే మేలు. 'సేవ్ బటన్ ఎక్కడ' లాంటి ప్రశ్నలు రెండో రోజుకే అయిపోతాయి. ఆ తర్వాత వచ్చేవి 'ఈ రెండు మందులూ ఆపి కొత్తది మొదలుపెడుతున్నా, పాతవి పొరపాటున మళ్లీ వెళ్లకుండా ఎలా రాయాలి' లాంటివి. దానికి వైద్యం తెలిసినవాళ్లే జవాబు చెప్పగలరు. అయితే ఆ పని ఒప్పజెప్పినప్పుడు వాళ్ల డ్యూటీ తగ్గించాలి. నేనే అలా పక్కన నిలబడ్డాను, నా వార్డు పనిలో మాత్రం ఒక్కటీ తగ్గలేదు. మధ్యాహ్నానికి నేను డాక్టర్ గారికీ అందలేదు, నా పేషెంట్లకూ అందలేదు.

అయినా వీటన్నిటికన్నా ముందు నేను అడిగేది టైమ్. మొదటి కొన్ని వారాలు అపాయింట్‌మెంట్లు తగ్గించాలి, ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఖాళీ వదలాలి. యాజమాన్యాలకు ఇదే అన్నిటికన్నా చేదు. ఆదాయం తగ్గడం లెక్కల్లో వెంటనే కనిపిస్తుంది మరి. కానీ టైమ్ లేకపోతే పక్కన మనిషి ఉన్నా లాభం లేదు, అడగడానికే తీరిక ఉండదు. మామూలు రోజుల్లోనే పరిస్థితి ఎలా ఉందో చూడండి. 2016లో 'ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్' పత్రికలో వచ్చిన అధ్యయనంలో అమెరికాలో 57 మంది డాక్టర్ల పనివేళల్ని పక్కనుండి లెక్కగట్టారు. పేషెంట్‌తో ముఖాముఖి గడిపే ప్రతి గంటకూ దాదాపు రెండు గంటలు కంప్యూటర్, కాగితాల పనికే పోతున్నాయి. ఇంటికెళ్లాక రాత్రి మరో గంటో రెండు గంటలో. ఇంత నిండిన రోజులోకి కొత్త సిస్టమ్‌ను తోస్తే, అది దేన్ని తోసేస్తుంది? పేషెంట్‌తో మాటనో, రాత్రి నిద్రనో.

తొందర వల్ల ఏమవుతుందో అడిగేవారికి నేను రెండు పిల్లల ఆస్పత్రుల సంగతి చెబుతాను. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మందుల ఆర్డర్లన్నీ కంప్యూటర్‌లోకి మార్చే పని ఆరు రోజుల్లో ముగించారు. వేరే చోట్ల నుంచి అక్కడికి తరలించిన 1,942 మంది పిల్లల రికార్డులు చూసిన అధ్యయనం 2005లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చింది. మరణాలు మార్పుకు ముందు 2.80 శాతం, తర్వాత 6.57 శాతం. బిడ్డ ఆస్పత్రికి చేరి పేరు నమోదయ్యేదాకా ఆర్డర్ ఎక్కించే వీల్లేకపోయింది. అంతకుముందు అంబులెన్స్ దారిలో ఉండగానే మందులు సిద్ధం చేసేవారు. కంప్యూటర్ దగ్గర ఒకరు ఇరుక్కుపోవడంతో మంచం దగ్గర ఒక జత చేతులు తగ్గాయి. డాక్టర్, నర్సు ఎదురెదురుగా మాట్లాడుకోవడం కూడా తగ్గింది. ఒకే ఆస్పత్రిలో ముందు, తర్వాత పోల్చిన లెక్క కాబట్టి తప్పంతా కంప్యూటర్‌దే అనలేం. ఆ మాట విమర్శకులూ అన్నారు. కానీ సియాటిల్ పిల్లల ఆస్పత్రి అదే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంది. పిట్స్‌బర్గ్ అనుభవం చూసి, ఐసీయూలో తరచూ వాడే ఆర్డర్లను ముందే సెట్లుగా తయారు చేసి ఉంచింది. అక్కడ మరణాలు పెరగలేదని 2006లో అదే పత్రికలో వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఒకటే, మనుషుల్ని సిద్ధం చేసిన తీరు వేరు. ఈ రెండు కథలూ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక ఒత్తిడి తగ్గించే సెషన్లు. ధ్యానం, శ్వాస వ్యాయామాలు కొందరికి నిజంగా ఊరటనిస్తాయి, కావాలన్నవాళ్లకు తప్పకుండా పెట్టాలి. మిగతా వాటి బదులు మాత్రం పెట్టకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసి విసిగిపోవడాన్ని, జబ్బుగా కాక పనిచేసే చోటుకు సంబంధించిన స్థితిగా వర్ణించింది. డాక్టర్ల బర్నౌట్ మీద ప్రయోగాలన్నీ కలిపి చూసిన 2017 విశ్లేషణలో మనిషిని మార్చే ప్రయత్నాలు, సంస్థను మార్చే ప్రయత్నాలు, ఈ రెండు రకాల ఫలితమూ పరిమితమే అని తేలింది. అయినా మనిషిని మార్చే ప్రయత్నాలకన్నా, పని వేళలు, పని భారం లాంటివి సంస్థ మార్చినప్పుడు ఫలితం ఎక్కువ. డ్యూటీ ముగిశాక అలసిన నర్సును ఆపి అరగంట ధ్యానం చేయిస్తే, ఆమెకు అది ఇంకో అరగంట డ్యూటీ.

పై నాలుగింటిలో లేనిది ఇంకొకటి ఉంది, అది దాదాపు ఖర్చు లేనిది: పాత పనుల్లో అక్కర్లేనివి తీసేయడం. అమెరికాలో ఆస్పత్రులు నడిపే హవాయి పసిఫిక్ హెల్త్ సంస్థ 2017లో 'మీరు రికార్డుల్లో చేస్తున్న పనికిమాలిన పని ఏదో చెప్పండి' అని సిబ్బందినే అడిగింది. నర్సులు రౌండ్ వేసినట్టు గంటగంటకూ నొక్కాల్సిన ఒక క్లిక్ అందులో తేలింది. ఒక్కోసారికి 24 సెకన్లే. నాలుగు ఆస్పత్రుల్లో కలిపితే నెలకు దాదాపు 1,700 నర్సింగ్ గంటలు! ఆ క్లిక్ తీసేశారు. కొత్తది నేర్చుకోవడానికి టైమ్ ఎక్కణ్నుంచి వస్తుందని అడిగే మేనేజర్లకు నేను ముందు ఇదే చెబుతాను.

చేతిలో ఉన్నది తక్కువైతే నా వరస ఇది: అనవసరమైన పనులు తీసేయడం, అపాయింట్‌మెంట్లు తగ్గించడం, పక్కన మనిషి, ఆ తర్వాతే క్లాసు. రిసెప్షన్‌లో పని చేసేవాళ్లను వీటిలో ఒక్కదానికీ మరిచిపోవద్దు, మొదటి కోపం పడేది వాళ్ల మీదే.

అపాయింట్‌మెంట్లు మళ్లీ ఎప్పుడు పెంచాలన్నది క్యాలెండర్ చూసి నిర్ణయించకండి. సాయంత్రం డాక్టర్లు ఇంటికి వెళ్లేటప్పటికి ఆ రోజు నోట్స్ పూర్తవుతున్నాయో లేదో అడగండి. మూడో వారంలోనూ రాత్రి పది గంటలకు ఇంటి నుంచి లాగిన్ అవుతున్నారంటే ఆ ఖాళీ స్లాట్లు అలాగే ఉంచండి.