అటామిక్ హ్యాబిట్స్: మూడు అధ్యాయాల మెప్పు, మిగతా పేచీ

బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో నేను కొన్న పాత ప్రతిలో, అంతకు ముందు చదివినవారి పెన్సిలు గీతలు మూడో అధ్యాయం దగ్గరే ఆగిపోయాయి. ఇరవై అధ్యాయాల పుస్తకానికి ఇది మంచి శకునం కాదనుకుంటూనే, అలవాట్లు మార్చుకోవడం మీద జేమ్స్ క్లియర్ 2018లో వెలువరించిన ‘అటామిక్ హ్యాబిట్స్’ను చివరిదాకా చదివాను. అందులో చెప్పినవి కొన్ని నాలుగు నెలలు ఆచరించి చూశాను కూడా.

పనికొచ్చినదాన్ని ముందు ఒప్పుకోవాలి. పాత అలవాటు తోకకు కొత్తదాన్ని ముడివేయమని అయిదో అధ్యాయం చెబుతుంది. వారానికి రెండు మూడు సార్లు బీపీ మాత్ర మరిచిపోయే నేను, మాత్రల డబ్బాను కాఫీ ఫిల్టరు పక్కకు చేర్చి, డికాక్షన్ దిగేలోపు వేసుకోవాలని నియమం పెట్టుకున్నాక, మరిచిపోయిన రోజులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కొత్త అలవాటును రెండు నిమిషాల్లో అయ్యే పనిగా కుదించి మొదలుపెట్టమనే, పదమూడో అధ్యాయంలోని రెండు నిమిషాల సూత్రమూ అంతే. నడకకు వెళ్ళాలని కాకుండా, బూట్లు తొడుక్కుని గేటు దాకా వెళ్ళాలని మాత్రమే అనుకోవడం వల్ల, మారతహళ్ళిలో ఆరేళ్ళుగా వాయిదా పడుతున్న నా సాయంత్రపు నడక మొదలైంది. తినగా తినగా వేము తియ్యనవుతుందని వేమన మనకు చెప్పాడు గాని, తొలి ముద్ద ఎలా నోట పెట్టుకోవాలో చెప్పలేదు. ఆ కిటుకు క్లియర్‌కు తెలుసు.

లెక్కల దగ్గర మాత్రం నాకు నమ్మకం సడలింది. రోజుకు ఒక శాతం మెరుగైతే ఏడాదికి 37 రెట్లు అవుతామని పుస్తకం ఆరంభంలోనే ఉంది. చక్రవడ్డీగా ఆ గుణకారం సరైనదే. అయితే రోజుకు 2 కిలోమీటర్లు నడిచే నేను ఆ లెక్క ప్రకారం ఏడాది తిరిగేసరికి రోజూ 75 కిలోమీటర్లు నడవాలి, అంటే మారతహళ్ళిలో బయలుదేరి కోలారు దాటాలి. వడ్డీ పెరిగినట్లు మోకాళ్ళ బలం పెరగదు.

నా అసలు పేచీ ఉదాహరణలతో. ఆరో అధ్యాయంలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ క్యాంటీన్ ముచ్చట ఉంది. అక్కడ ఒక వైద్యురాలు ఎవరికీ ఏమీ బోధించకుండా, సోడా (అంటే అక్కడ తీపి కూల్‌డ్రింకులు) ఉన్నచోటల్లా నీళ్ళ సీసాలు కూడా అందేలా పెట్టించగా, మూడు నెలల్లో సోడా అమ్మకాలు 11.4 శాతం తగ్గాయి, నీళ్ళ సీసాల అమ్మకాలు 25.8 శాతం పెరిగాయి. పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఉదంతం ఇదే. కానీ అక్కడ తిన్నవారెవరూ తమ అలవాటును దిద్దుకోవాలని పూనుకోలేదు, బల్లలు సర్దే అధికారం ఉన్నవారు సర్దారు. బ్రిటిష్ సైక్లింగ్ జట్టు కథా ఇలాంటిదే. 2003లో డేవ్ బ్రెయిల్స్‌ఫోర్డ్ బాధ్యత చేపట్టాక చిన్న చిన్న మెరుగుదలలు కలిసివచ్చి, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ట్రాక్ పోటీల పది స్వర్ణాల్లో ఏడు ఆ దేశానికే దక్కిన మాట నిజమే. అయితే అక్కడి క్రీడలకు 1997 నుంచి జాతీయ లాటరీ సొమ్ము ప్రవహించిన సంగతిని పక్కన పెడితే, అది కేవలం క్రమశిక్షణ కథలా వినిపిస్తుంది.

విజయాలు వ్యవస్థలవి, పాఠం మాత్రం ఒంటరి మనిషికి. మా ఆఫీసులో అమెరికా వేళలకు తగ్గట్టు సమావేశాలను సాయంత్రానికి మార్చిన రెండు నెలలూ నా బూట్లు గుమ్మం దగ్గరే దుమ్ము పట్టాయి. వేళ మార్చుకో, అలవాటును గుర్తుచేసే ఇంకో ఆనవాలు ఎంచుకో అని క్లియర్ అంటాడు. తెల్లవారుజామున లేద్దామంటే, ఆ గంటలో సంపు నింపడానికి నీళ్ళ ట్యాంకరు వస్తుంది, దాని దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి. పుట్టుకతో వచ్చే శక్తుల తేడాల మీద ఒక అధ్యాయం రాసిన రచయిత, తన వేళలు తన చేతిలో లేనివారి కోసం కూడా ఒకటి రాసి ఉండవలసింది.

కొనాలా అని అడిగేవారికి, 5, 6, 13 అధ్యాయాలను దుకాణంలోనే తిరగేసి చూసి, ఆ తరువాత నిర్ణయించుకోమని చెబుతున్నాను. ఆ మూడింటి కోసమే నా ప్రతిని అమ్మకుండా ఉంచుకున్నాను. సమావేశాల వేళ మళ్ళీ మారింది కాబట్టి, పోయిన సోమవారం బూట్ల దుమ్ము దులిపి గేటు దాకా వెళ్ళి వచ్చాను.