చెరువు గట్టున సోలార్ మీద నడపడానికి రాస్‌ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటర్ బోర్డు పనికొస్తుందా?

పనికొస్తుంది. కాకపోతే పెట్టెలోంచి తీసింది తీసినట్టే గట్టు మీద పెడితే బ్యాటరీని తాగేస్తుంది. 2023లో వచ్చిన ఈ బోర్డు షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆరిపోదు. పవర్ చిప్ వోల్టేజీలను అలాగే నిలబెట్టి ఉంచుతుంది కాబట్టి ఆ 'ఆఫ్'లోనే 1 నుంచి 1.4 వాట్లు లాగుతుంది.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువు మీద అరగంటకోసారి లేచి, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగూ ఏరేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) ఫొటో ఒకటీ పంపి పడుకునేలా పెట్టామనుకోండి. లేచిన ప్రతిసారీ 5 నిమిషాలు, 4 వాట్ల లెక్కన రోజుకు 16 వాట్ అవర్లు. పడుకున్న 20 గంటలకు 1.4 వాట్ల చొప్పున మరో 28! పని కన్నా నిద్రకే ఎక్కువ ఖర్చు. కింద చెప్పే సెట్టింగ్ మార్చాక నిద్రలో లాగేది 3 మిల్లీయాంపుల దాకా, రోజు మొత్తానికి అర వాట్ అవర్ కూడా కాదు.

ఈ సెట్టింగ్ మార్చే పని ఇంటి దగ్గర, ఇన్వర్టర్ ఉన్న చోట చేసుకోవాలి. ఓఎస్ అప్‌డేట్ చేసి, రాస్పీ-కాన్ఫిగ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద బూట్‌లోడర్ వెర్షన్‌ను లేటెస్ట్‌కు మార్చి రీబూట్ చెయ్యండి. తర్వాత ఈప్రామ్ (బోర్డు బూట్ సెట్టింగ్‌లు దాచుకునే చిప్) కాన్ఫిగ్‌ను ఎడిట్‌లో తెరిచి, 'పవర్ ఆఫ్ ఆన్ హాల్ట్' 1, 'వేక్ ఆన్ జీపీఐఓ' 0 పెట్టి మళ్లీ రీబూట్. మధ్యలో కరెంటు పోయి బోర్డు లేవకపోతే కంగారు వద్దు. ఇమేజర్‌తో ఎస్డీ కార్డు మీద బూట్‌లోడర్ రికవరీ ఇమేజ్ రాసి, ఆ కార్డును బోర్డులో పెట్టి కరెంటు ఇవ్వండి. ఆకుపచ్చ లైటు ఆగకుండా ఒకే తీరున మిణుకుతుంటే పని అయినట్టే.

అసలు ఇబ్బంది బోర్డును లేపే అలారంతో. ఆర్టీసీ (బోర్డులోని గడియారం) వేక్‌అలారం ఫైలులో పాత విలువ ఉండగా కొత్తది రాస్తే 'బిజీ' అని తిప్పికొడుతుంది. ముందు 0, ఆ తర్వాతే +1500 (సెకన్లు, అంటే 25 నిమిషాలు) రాయాలి. ఫైలును తిరిగి చదివి, ఖాళీగా లేదని చూసుకున్నాకే హాల్ట్ (బోర్డును పడుకోబెట్టే కమాండ్) ఇవ్వాలి. అలారం లేకుండా పడుకున్న బోర్డును ఎవరో వెళ్లి బటన్ నొక్కి లేపాల్సిందే. డీఓ పడిపోయేది తెల్లవారుజామునే కనుక, రాత్రి 2 నుంచి 6 దాకా పది నిమిషాలకోసారి లేపడం మంచిది.

హాల్ట్‌లో 3.3 వోల్టులు ఆగినా హెడర్ (బోర్డు మీది పిన్నుల వరస) మీద 5 వోల్టులు మాత్రం ఆగవు. సెన్సర్‌ను దాని మీద కలిపితే రాత్రంతా లాగుతూనే ఉంటుంది. మధ్యలో మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఒకటి పెట్టండి. సప్లై 5 యాంపులది కాకపోతే యూఎస్బీకి మొత్తం 600 మిల్లీయాంపులే వస్తాయి, 4జీ డాంగిల్ కనెక్షన్ తరచూ తెగిపోతుంది. ఆర్టీసీకి ఎంఎల్ రకం రీచార్జబుల్ సెల్లే వాడాలి. మామూలు కాయిన్ సెల్ పెట్టి చార్జింగ్ ఆన్ చెయ్యడం ప్రమాదం.

ఫొటో అక్కర్లేదు, డీఓ, ఉష్ణోగ్రత చాలు అనుకునేవాళ్లు ఈ బోర్డు కొనొద్దు. ఈఎస్పీ32 అనే చిన్న కంట్రోలర్ చిప్ డీప్ స్లీప్‌లో మైక్రోయాంపులతోనే సరిపెట్టుకుంటుంది. ఆ ఈఎస్పీ32 బోర్డు మీది పవర్ ఎల్ఈడీ మాత్రం పీకెయ్యాలి.